సర్పంచ్ గారి వారం

ఆదివారం సాయంత్రం ఇంగోల్‌స్టాట్‌లో మా తోడికోడలి ఇంటి నుంచి తిరిగొచ్చేసరికి, మా బిల్డింగ్‌లో కింది ఇంటి తలుపుకి బోర్డు వేలాడుతోంది. అరచెయ్యి కంటే కాస్త పెద్ద చెక్క బోర్డు, మీద చీపురు బొమ్మ, కింద మూలన ఎంత తోమినా పోని పసుపు మరక. ఆ తలుపు వెనక ఎవరూ లేరు. అక్కడుండే పెద్దాయన చలికాలంలో పోయారు. ఆ ముందు గురువారం సామాను కూడా ఖాళీ చేసేశారు. అయినా ఈ వారం మెట్లు ఊడ్చే వంతు ఆయనదేనని ఎవరో బోర్డు తగిలించి వెళ్లారు.

నేను పులిహోర డబ్బా పట్టుకుని అక్కడే ఆగిపోయాను. మా ఆయన వెనక నుంచి, "ఏంటి ఆగిపోయావ్? తాళాలు మర్చిపోయామా?" అన్నారు. బోర్డు చూపించాను.

స్టుట్‌గార్ట్ చుట్టుపక్కల ఊళ్లలో కాపురం చేసినవాళ్లకి ఈ బోర్డు సంగతి చెప్పనక్కర్లేదు. మిగతావాళ్ల కోసం చెబుతాను. కేర్‌వొహె అంటారు, ఊడ్చే వారం అన్నమాట. వారానికి ఒక ఇంటివాళ్లు మెట్లు ఊడ్చి, తడిగుడ్డ పెట్టి, గుమ్మం ముందు కాలిబాట శుభ్రం చెయ్యాలి. వంతు అయిపోయినవాళ్లు ఆదివారం సాయంత్రం బోర్డు తీసుకెళ్లి తరవాతి ఇంటి తలుపుకి తగిలించాలి. తప్పితే తలదీసినంత పనవుతుంది. మా బిల్డింగ్‌లో అంతస్తుకి ఒక్కటే ఇల్లు. కింద ఆయన, మొదటి అంతస్తులో ఈ ఊళ్లోనే పుట్టి పెరిగిన జర్మన్ మామ్మ, రెండో అంతస్తులో మేము, మూడో అంతస్తులో ఒకావిడ. బోర్డు ఒక్కో అంతస్తే ఎక్కుతూ పోతుంది. పైదాకా వెళ్లాక మళ్లీ ఆయన తలుపుకి దిగాలి. ఎక్కడం ఎప్పుడూ బాగానే జరిగేది, తగువంతా ఆ దిగడం దగ్గరే.

మేం ఈ ఇంట్లోకి వచ్చినరోజు, స్మోక్ అలారం మోగకుండా దానికి కవరు కట్టి మరీ పాలు పొంగించాం. ఆ సాయంత్రం తలుపు తీస్తే ఈ బోర్డు. మా జర్మన్ అప్పటికి అన్‌మెల్డుంగ్ అంటే చిరునామా నమోదు, మీటె అంటే అద్దె, టెర్మిన్ అంటే అపాయింట్‌మెంట్, ఈ మాటల దగ్గరే ఆగి ఉంది. "చూడండి, కొత్తగా వచ్చామని గుమ్మానికి ఏదో కట్టారు. ఎంత మంచివాళ్లో!" అని నేను మురిసిపోయాను. మామిడాకులు దొరకని ఊళ్లో ఇదే మన తోరణం అనుకుని, దానికి పసుపు రాసి కుంకుమబొట్టు పెట్టి, లోపల దేవుడి పటం పక్కన తగిలించాను. చీపురు బొమ్మ ఎందుకని మా ఆయన అడగనే అడిగారు. చీపురులో లక్ష్మీదేవి ఉంటుంది, ఆ మాత్రం వీళ్లకీ తెలిసే ఉంటుందని చెప్పాను.

వారం తిరిగేసరికి మామ్మ వచ్చి తలుపు బాదింది. మెట్ల మీద ఇసుక, కాలిబాట మీద ఆకులు, బోర్డు మాయం. ఆవిడ తిట్టేది అర్థం కాకపోయినా తిడుతోందని అర్థమవుతోంది. అప్పుడు కింద నుంచి ఒక పెద్దాయన మెల్లగా ఎక్కి వచ్చారు. నల్ల కోటు, ఎర్ర టై, దువ్విన తెల్ల జుట్టు, చేతిలో చీపురు. ఆయన మా భుజాల మీదుగా లోపలికి చూశారు. దేవుడి పక్కన బొట్టు పెట్టుకుని కూర్చున్న బోర్డుని కాసేపు చూసి, మామ్మ వైపు తిరిగి నెమ్మదిగా ఏదో చెప్పారు. మామ్మ నోరు మూసుకుంది. మమ్మల్ని కిందా మీదా చూసి, తల ఊపి వెళ్లిపోయింది.

ఆ రోజు ఆయన ఏం చెప్పారో జర్మన్ కాస్త వచ్చాక అడిగాను.

"మీ దేశంలో ఏదైనా బాధ్యత తీసుకునేముందు దానికి పసుపు రంగు పూసి వారం రోజులు పూజ చేస్తారని చెప్పాను. పని రెండో వారం నుంచి మొదలవుతుందని చెప్పాను."

"అది అబద్ధం కదండీ! మా ఆచారాలు మీకేం తెలుసు?"

"ఏమీ తెలియదు. పసుపు కనిపించింది, పక్కన దేవుడు కనిపించాడు. ఇంతకంటే తక్కువ తెలిసి కూడా సభల్లో మాట్లాడినవాణ్ని."

అప్పటినుంచి మా ఇంట్లో ఆయన పేరు సర్పంచ్ గారు. మా పాప ఆద్య అయితే ఆయన మొహం మీదే "హెర్ సర్పంచ్" అని పిలిచేది. అంటే ఏమిటని అడిగి తెలుసుకుని, ఆయన టై సర్దుకున్నారు. నన్ను మాత్రం చివరిదాకా "పొరుగావిడగారూ" అనే పిలిచారు.

ఆయన దేశం పేరు ఇక్కడ రాయను. ఆయన కూడా పేరుపెట్టి అనేవారు కాదు, "మా దగ్గర" అనేవారు. ఆ దేశం రెండుగా చీలి అన్నదమ్ములే కొట్టుకున్నారు. కొండవైపు వాళ్లదొక సైన్యం, మైదానంవైపు వాళ్లదొక సైన్యం. నడుమ ఒక నది, ఆ నదికి రెండు ఒడ్డుల మీదా ఈయన రాష్ట్రం. దానికి ఈయన జనం ఎన్నుకున్న పెద్ద. ఎటువైపో తేల్చమని ఇద్దరూ అడిగారట, ఈయన తేల్చలేదు. దాంతో కొండవాళ్లు ఈయన్ని మైదానం మనిషన్నారు, మైదానం వాళ్లు కొండ మనిషన్నారు. ఈ ఊళ్లో కూడా వాళ్లకి రెండు సంఘాలు, రెండు కాఫీ హోటళ్లు. మనవాళ్లు రెండు హాళ్లలో రెండు ఉగాదులు చేసుకున్నట్టే. తేడా ఏమిటంటే మనకి రెండుచోట్లా పులిహోర దొరుకుతుంది, ఆయనకి రెండుచోట్లా కుర్చీ దొరకదు.

రాజకీయం పోయినా అలవాటు పోలేదు. మెట్ల మీద ఎదురైతే చేతిలో ఏమున్నా కిందపెట్టి కరచాలనం చేసేవారు, పసిపిల్లలకైనా సరే. వెళ్లేముందు తప్పనిసరిగా అడిగేవారు, "మీ వీధికి ఏం కావాలి?" అని. మొదట్లో నాకు నవ్వొచ్చేది. ఆద్య మాత్రం సీరియస్‌గా ఆలోచించి "ఐస్" అనేది, అంటే ఐస్‌క్రీమ్. "పరిశీలిస్తాను" అని ఆయన వెళ్లిపోయేవారు. శనివారం ఊడ్చడం అయ్యాక పిల్లని మూలమీది దుకాణానికి తీసుకెళ్లి, కొనిచ్చి, "హామీ నెరవేరింది" అని నాకు అప్పగించేవారు. పాపకి కీటాలో, అంటే ఇక్కడి పసిపిల్లల బడిలో, సీటు దొరక్క నేను ఏడుస్తున్నప్పుడు, కోటు వేసుకుని నాతోపాటు ఆఫీసుకి వచ్చి, ఒక్క మాటైనా మాట్లాడకుండా పక్కన కూర్చున్నారు. ఆయన ఎవరో పెద్ద అధికారి అనుకుని ఆ ఆఫీసావిడ మాకు కాఫీ కూడా ఇచ్చింది.

ఆ కోటు గురించి చెప్పాలి. మెట్లు ఊడ్చినా, చెత్త పారేసినా, కోటూ టై ఉండాల్సిందే. ఒకరోజు పొద్దున మంచు బాగా కురిసింది. ఆఫీసుకి వెళ్తూ చూస్తే, ఆయన కాలిబాట మీద పార పట్టుకుని మంచు తీస్తున్నారు, టై నిండా మంచు.

"ఈ చలిలో దళసరి జాకెట్ వేసుకోవచ్చు కదండీ?" అన్నాను.

ఆయన పార మీద చేతులు ఆనించి నిలబడ్డారు. "మా దగ్గర వంతెన ఉండేది. యుద్ధం రోజుల్లో పొద్దున్నే దాని మధ్యలో కుర్చీ వేసుకుని కూర్చునేవాణ్ని. ఇటు తుపాకులు, అటు తుపాకులు. దూరం నుంచి చూసినా అది నేనేనని ఇద్దరికీ తెలియాలి కదా, అందుకని కోటు, టై. జనం ఎన్నుకున్న మనిషిని కాల్చారన్న పేరు రాకూడదని ఇద్దరికీ భయం. నేను కూర్చున్నంతసేపూ కాల్పులు ఆగేవి. ఆ కాసేపట్లో జనం దాటేవాళ్లు."

"ఎవరు దాటేవాళ్లు?"

"అందరూ. టమాటాలు దాటేవి. జ్వరాలు దాటేవి. ఒకసారి పెళ్లికూతురు దాటింది. నా కుర్చీ పట్టుకుని నిలబడి చెప్పు సరిచేసుకుంది."

"మీకు భయం వెయ్యలేదా?"

"వేసేది. కూర్చునేది అందుకే. నిలబడితే కాళ్లు వణకడం కనిపిస్తుంది."

"తరవాత ఏమైంది?"

"తరవాత వంతెన లేదు," అని ఆయన మళ్లీ పార తీసుకున్నారు.

ఆ వారమే ఆయన్ని మా ఇంటికి భోజనానికి పిలిచాం. మా ఆయన ఆఫీసు నుంచి వస్తూనే అలవాటుగా తన కోటు తీసి కుర్చీ వెనక వేశారు. సర్పంచ్ గారు మాట మధ్యలో ఆపి లేచారు. ఆ కోటు తీసి, తీసుకెళ్లి తలుపు పక్కన కొక్కేనికి తగిలించి, వచ్చి కూర్చున్నారు. పెద్దవాళ్ల చాదస్తం అనుకున్నాం. తరవాత గమనించాను, ఆయన కుర్చీ మీద కోటు ఎప్పుడూ వెయ్యరు, వేసి ఉంటే చూడలేరు.

ఆ భోజనం దగ్గరే మా సంగతీ వచ్చింది. మాది కోదాడ, మా ఆయనది జగ్గయ్యపేట. నడుమ పాలేరు. మా పెళ్లినాటికి రెండూ ఒకే రాష్ట్రం. తరవాత రాష్ట్రం విడిపోయి మా అత్తగారిల్లు పక్క రాష్ట్రానికి వెళ్లిపోయింది. విడిపోయిన రోజుల్లో మా ఇంట్లో జరిగిన వాదనలు అన్నీ ఇన్నీ కావు. ఇదంతా వచ్చీరాని జర్మన్‌లో చెబుతుంటే, ఆయన చెంచా కింద పెట్టేసి విన్నారు. ఎవరూ మా గొడవని అంత గౌరవంగా వినలేదు.

"ఇప్పుడు వంతెన తెరిచే ఉందా?" అని అడిగారు.

"ఫుల్ ఓపెన్," అన్నారు మా ఆయన. "టోల్ మాత్రం కట్టాలి."

ఆయన తొడ చరుచుకుని నవ్వారు. "అయితే ఎంతైనా పోట్లాడుకోండి. వంతెన తెరిచి ఉన్నంతకాలం పోట్లాట ఒంటికి మంచిది."

ఇక అక్కణ్నుంచి మా ఇంట్లో గొంతులు లేచిన మర్నాడు మెట్ల మీద నన్ను పట్టుకుని, "వంతెన తెరిచే ఉందా, పొరుగావిడగారూ?" అని అడిగేవారు. నిజం చెప్పొద్దూ, ఆ ప్రశ్నకి సిగ్గుపడి రాజీకి వచ్చిన రోజులున్నాయి.

అలాంటి రోజుల్లో మూడో అంతస్తులోకి ఆవిడ వచ్చింది. ఒంటరి మనిషి, నా ఈడుదే. అంతకుముందు డ్రెస్డెన్‌లో ఉండేదట, ఇక్కడ బేకరీలో పని దొరికి వచ్చింది. కొత్తగా ఎవరొచ్చినా రొట్టె, ఉప్పు తీసుకుని వెళ్లి పలకరించడం సర్పంచ్ గారి పద్ధతి. ఆ రోజూ కోటూ టైతో పైకి వెళ్లారు. నేను అప్పుడే మా తలుపు తీశాను, పైనుంచి మాటలు వినిపించాయి. మొదట జర్మన్‌లో పలకరించారు. పేరు చూసి కాబోలు, వాళ్ల భాషలోకి మారారు. తమ దేశం మనిషి దొరికిందని ఆ గొంతులో సంతోషం నాకు తెలుస్తూనే ఉంది. అవతలి నుంచి జవాబు రాలేదు. తలుపు మెల్లగా మూసుకున్న చప్పుడు మాత్రం వచ్చింది.

ఆయన చాలాసేపటికి దిగి వచ్చారు. రొట్టె నా చేతిలో పెట్టి, "ఇది మీరు తీసుకోండి. ఆవిడకి అక్కర్లేదట," అన్నారు.

ఆ శనివారం ఆయన పాత స్వెట్టర్‌తో మెట్లు ఊడుస్తూ కనిపించారు. కోటు లేకుండా ఆయన్ని అదే మొదటిసారి చూడటం. మనిషి సగమైపోయినట్టున్నారు. "కోటు ఏది?" అని ఆద్య జర్మన్‌లో నిలదీసింది. ఉతకడానికి ఇచ్చానని చెప్పారు. ఆ ఉతకడం ఎప్పటికీ పూర్తికాలేదు.

తరవాత బోర్డు గొడవ మొదలైంది. పైఅంతస్తావిడ తన వారం శుభ్రంగా చేసింది. ఆదివారం సాయంత్రం బోర్డు కింద ఆయన తలుపుకి తగిలించాల్సింది, తెచ్చి మళ్లీ మా తలుపుకే తగిలించింది. పొరపాటు అనుకుని పైకి తీసుకెళ్లాను.

"మీరే కింద పెట్టండి, ప్లీజ్," అంది. "నేను ఆ తలుపు ముట్టుకోను."

ఆవిడ మొహం చూశాక కారణం అడగాలనిపించలేదు. నేనే వెళ్లి తగిలించాను. బోర్డు చెక్కకి తగిలి టక్కున చప్పుడైందో లేదో తలుపు తెరుచుకుంది. ఆయన మొహం వెలిగిపోతోంది. నన్ను చూశాక ఆ వెలుగు మెల్లగా సర్దుకుంది. "ఓ, మీరా," అన్నారు. "థాంక్స్, పొరుగావిడగారూ."

ఇక అదే ఆనవాయితీ అయింది. పైఆవిడ వంతు ముగిసిన ప్రతి ఆదివారం ఆయన రేడియో కట్టేసి తలుపు దగ్గర కాచుకుని ఉండేవారు. టక్కుమనగానే తెరిచేవారు. ప్రతిసారీ అదే మొహం, అదే "ఓ, మీరా". నాకు ఆ మెట్లు దిగబుద్ధయ్యేది కాదు. మధ్యలో మామ్మ ఒకతి, పైవాళ్లు చేయాల్సింది మీరెందుకు చేస్తున్నారని నన్ను ఝాడించేది.

"అడకత్తెరలో పోకచెక్కలా నీకెందుకే మధ్యలో?" అన్నారు మా ఆయన.

"మనది బోర్డర్ కదా," అన్నాను. "ఇట్లాంటియి మనకే వస్తయి."

అసలు సంగతి సెల్లార్‌లో బట్టలు ఉతికే గదిలో తెలిసింది. ఆవిడా నేనూ మిషన్ ఆగేదాకా ఎదురుచూస్తూ కూర్చున్నాం. ఆవిడే మొదలుపెట్టింది, మిషన్ వైపు చూస్తూ.

"మా అమ్మ ఆయనకే ఓటేసేది. మా అక్క అవతలి ఒడ్డున ఉండేది. అక్కకి బిడ్డ పుట్టింది, చూడాలని అమ్మ తహతహ. ఆ రోజు పొద్దున వంతెన దగ్గరికి వెళ్లాం. ఎవరూ దాటడం లేదు. అమ్మ కళ్లమీద చెయ్యి పెట్టుకుని చూసి, 'అదిగో కోటు కనిపిస్తోంది, పద' అంది. మమ్మల్ని చూసి వెనక జనం కదిలారు. కుర్చీ ఉంది. కుర్చీ మీద కోటు ఉంది. దగ్గరికి వెళ్లేదాకా తెలియలేదు, లోపల మనిషి లేడు. తుపాకులవాళ్లకి దుర్భిణీలు ఉంటాయి కదా, వాళ్లకి మాకంటే ముందే తెలుసు. అమ్మ చెయ్యి నా చేతిలోనే ఉంది."

మిషన్ ఆగింది. ఆవిడ లేచి బట్టలు బుట్టలో వేసుకుంది.

రెండు మూడు రోజులు సర్పంచ్ గారి కంట పడకుండా తిరిగాను. నాకు ఆయన మీద కోపం వచ్చింది. నిజంగా వచ్చింది. ఆ కోటూ ఆ టై, ఆ కరచాలనాలు, ఐస్‌క్రీమ్ హామీలు అన్నీ గుర్తొచ్చి మనసు చేదెక్కింది. చివరికి ఆయనే మెట్ల మీద ఆగారు. నా మొహం చూడగానే తెలిసిపోయినట్టుంది.

"చెప్పిందా?" అన్నారు.

తల ఊపాను.

"సంధి మాటలకి రమ్మని రెండువైపులా పిలిచారు. ఒక్కరోజు వంతెన మూసేద్దామని మావాళ్లు అన్నారు. ఒకసారి మూస్తే మళ్లీ తెరుచుకోదని నేనే వద్దన్నాను. ఆ ఒక్క పూటా నేనున్నట్టే ఉంటుందని కోటు కుర్చీకి వేసి వెళ్లాను." స్వెట్టర్ అంచు సర్దుకున్నారు. "మాటలకి పిలిచినవాళ్లు రానేలేదు, పొరుగావిడగారూ. నేను ఖాళీ గదిలో కూర్చుని వచ్చాను."

"ఆవిడకి ఇది చెప్పండి. క్షమించమని అడగండి."

"అడగను. అడిగితే ఆవిడ నెత్తిన ఇంకో బరువు పెట్టినట్టు. ఆ బోర్డు ఒక్కసారి తన చేత్తో నా తలుపుకి తగిలిస్తే చాలు. మాట్లాడక్కర్లేదు. నేనూ ఈ మెట్ల మీద ఒక ఇంటివాణ్నే అని ఒప్పుకున్నట్టు."

అప్పుడు ఆయన మీద నా కోపం పోయింది. పోయిందనడం కూడా సరికాదేమో. ఆవిడంటే జాలి, ఆయనంటే జాలి, రెండూ కలిసి కోపానికి చోటు మిగల్లేదు.

చలికాలం మొదట్లో ఆయన ఆసుపత్రిలో చేరారు. ఊపిరితిత్తుల్లో నీరు. చూడటానికి వెళ్లినప్పుడు ముక్కుకి ఆక్సిజన్ గొట్టం ఉన్నా నాకు చెయ్యి అందించి కరచాలనం చేశారు. పక్క మంచం ఆయన్ని పరిచయం చేసి, ఈ వార్డుకి మంచి దిండ్లు కావాలని నర్సుతో మాట్లాడానని చెప్పారు. తరవాత గొంతు తగ్గించి అడిగారు.

"ఈ వారం నాది కదా. బోర్డు ఎవరు తగిలించారు?"

నేనే తగిలించాను. లోపల ఎవరూ లేరని తెలిసీ, టక్కుమన్నాక ఒక క్షణం నిలబడి మరీ వచ్చాను. కానీ ఆ మంచం పక్కన కూర్చుని నిజం చెప్పబుద్ధి కాలేదు. మా పసుపు బోర్డు కోసం ఈయన ఒక అబద్ధం ఆడారు, నేనూ ఒకటి ఆడితే తప్పేమిటనుకున్నాను.

"ఆవిడే," అన్నాను. "స్వయంగా కిందికి దిగి వచ్చి పెట్టింది."

ఆయన నా కళ్లలోకి చూశారు. ఆ మొహంలో వెలుగు మొదలై, అంతలోనే నవ్వుగా మారింది. నా చెయ్యి తట్టి, "మీకు అబద్ధం చెప్పడం రాదు. రాజకీయాలకి పనికిరారు," అన్నారు. లేచి వస్తుంటే ఎప్పటిలాగే అడిగారు, "మీ వీధికి ఏం కావాలి?" అని. మీరు రావాలి అన్నాను. పరిశీలిస్తానన్నారు.

రాలేదు. శ్మశానానికి మామ్మ, మేము, ఆసుపత్రి పక్క మంచం ఆయన కొడుకు వచ్చాం. రెండు సంఘాల్లో ఏ సంఘం వాళ్లూ రాలేదు. పైఆవిడ కూడా రాలేదు. పసుపు రంగు పూలగుత్తి తెచ్చింది మామ్మే. ఎందుకని అడిగితే, "మీరు దేవుడికి పెట్టే రంగు కదా, ఆయన చెప్పాడు," అంది. నేను అక్కడే ఏడ్చేశాను. మర్నాడు మామ్మే అందరి తలుపులూ తట్టి, ఇకనుంచి వంతులు మూడేనని, మూడో అంతస్తు తరవాత నేరుగా తనకేనని చెప్పింది. చలికాలమంతా బోర్డు అలాగే తిరిగింది. ఆయన తలుపు దాకా దిగాల్సిన అవసరం ఎవరికీ లేకపోయింది.

మొన్న ఆదివారం ఆ తలుపుకి బోర్డు చూసినప్పుడు, ఎవరో పిల్లలు ఆడుకుని పెట్టారేమో అనుకున్నాను. తీసి మామ్మ తలుపుకి తగిలిద్దామా అని చెయ్యి చాచి, మనసొప్పక వదిలేశాను. వారమంతా అది అక్కడే ఉంది. నోరు ఊరుకోని మామ్మ కూడా చూసి ఏమీ అనలేదు.

శనివారం పొద్దున చీపురు చప్పుడు వినిపించింది. దిగి చూస్తే, కింది గుమ్మం దగ్గర పైఅంతస్తావిడ వంగి ఊడుస్తోంది.

"బోర్డు మీరే పెట్టారా?" అన్నాను.

ఆవిడ ఊడ్చడం ఆపలేదు. "ఇల్లు ఖాళీ చేసిన మర్నాడు తెల్లారకముందే పనికి బయల్దేరాను. సామాను ఖాళీ చేసినవాళ్లు కొంత పాతది రోడ్డు వార పెట్టారు, చెత్తబండి కోసం. అందులో ఆయన కుర్చీ ఉంది. కోటు ఎక్కడ పెట్టాలో తెలియక కాబోలు, కుర్చీ మీద వేశారు."

నేను మెట్ల కమ్మీ పట్టుకున్నాను.

"చాలాసేపు నిలబడిపోయాను. అమ్మ మాట వినిపించింది. తరవాత ఆ కోటు పక్కనుంచే నడిచి స్టేషన్‌కి వెళ్లాను."

"అయితే ఆయన్ని..." అని ఆగిపోయాను.

"క్షమించలేదు," అంది. "అది నావల్ల అవుతుందో లేదో నాకే తెలీదు. ఆదివారం బోర్డు తీసుకుని మామ్మ తలుపు దాకా దిగాను. అక్కడ ఆగలేదు, కాళ్లు ఇక్కడిదాకా వచ్చేశాయి. పెట్టేశాను."

"మరి ఊడ్చడం? ఆ ఇంట్లో ఎవరూ లేరు కదా."

అప్పుడు చీపురు ఆపి నావైపు చూసింది. "అందుకే. ఉత్త బోర్డు పెట్టి వెళ్లిపోతే, ఉత్త కోటు పెట్టి వెళ్లినట్టే కదా. పెట్టాక మనిషి ఉండాలి."

తడిగుడ్డ నేను పెడతాను, ఇవ్వండి అని బకెట్ అందుకోబోయాను. వద్దంది. ఇది ఆయన వారం, తనే పూర్తి చేస్తానంది. నేను పై మెట్టు మీద కూర్చున్నాను. ఆవిడ గుమ్మమంతా తుడిచి, చివర్న ఆ తలుపు కూడా గుడ్డతో తుడిచింది. గుడ్డ తగిలి బోర్డు కదిలి టక్కుమంది. ఇద్దరం తలుపు వైపు చూశాం. అది ఒక్కసారి తెరుచుకుని, వెలిగే ఆ మొహంతో ఆయన ఆవిణ్ని చూసి "ఓ, మీరా" అంటే ఎంత బాగుండేది.